ఇంజన్‌కు అప్పు దొరికింది, గేర్‌బాక్స్‌కు ఎవరిస్తారు?

ప్రశ్న: నా కారు రెండు లీటర్ల టర్బో పెట్రోల్, ఎనిమిది గేర్ల ఆటోమేటిక్. ఇప్పుడు 250 హార్స్‌పవర్, 400 న్యూటన్ మీటర్ల టార్క్ ఉంది. పెద్ద టర్బో, ఇంటర్‌కూలర్, ట్యూనింగ్ చేయించి 400 హార్స్‌పవర్‌కు తీసుకెళ్లాలని ఉంది. ఇందుకోసం పర్సనల్ లోన్ మంజూరైంది. కారు లోన్ ఇంకా మూడేళ్లు కట్టాలి. పొదుపు ఖాతాలో నెలన్నర ఖర్చులకు సరిపడా డబ్బుంది. కంపెనీ ఇచ్చిన గేర్‌బాక్స్ ఇంత పవర్‌ను తట్టుకుంటుందా? తట్టుకునేటట్టయితే లోన్ తీసుకోవచ్చా?

జవాబు: చివరి ప్రశ్నకు ముందు జవాబు చెప్తాను. తీసుకోవద్దు. గేర్‌బాక్స్ తట్టుకున్నా సరే, తీసుకోవద్దు.

కారు మీద మోజున్న చాలామంది చేసే పొరపాటే మీరూ చేస్తున్నారు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. ఇంజన్‌కయ్యే ఖర్చును నట్టు, బోల్టుతో సహా లెక్కేస్తారు. ఆ ఇంజన్ దెబ్బను రోజూ కాచుకోవాల్సిన గేర్‌బాక్స్‌కు మాత్రం బడ్జెట్‌లో ఒక్క గడి కూడా ఉండదు. మీ లెక్కలోనూ అదే లోపం.

ముందు గేర్‌బాక్స్ సంగతి చూద్దాం. హార్స్‌పవర్ అంకె ఒక్కటే చూసి గేర్‌బాక్స్ ఆగుతుందో లేదో చెప్పలేం. దాని మీద బరువు వేసేది టార్క్, అంటే ఇంజన్ తిప్పే బలం. అదే 400 హార్స్‌పవర్ 6,500 ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర వస్తే అక్కడ టార్క్ దాదాపు 440 న్యూటన్ మీటర్లు. 5,000 దగ్గరే వచ్చేలా ట్యూన్ చేస్తే దాదాపు 570. తక్కువ ఆర్‌పీఎంలోనే బూస్ట్ (టర్బో ఇంజన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడి) అంతా కుమ్మరించే ట్యూన్ నడపడానికి మహా సరదాగా ఉంటుంది. గేర్‌బాక్స్‌ను నలిపేసేది కూడా అదే. పైగా కారు కదిలే క్షణంలో టార్క్ కన్వర్టర్ (ఇంజన్‌ను గేర్‌బాక్స్‌తో ఆయిల్ ద్వారా కలిపే భాగం) ఇంజన్ టార్క్‌ను దాదాపు రెట్టింపు చేసి లోపలికి పంపుతుంది.

'ఎనిమిది గేర్ల ఆటోమేటిక్' అని రాశారు, సరే, అందులో ఏది? జడ్‌ఎఫ్ తయారుచేసే 8హెచ్‌పీ45 సుమారు 450 న్యూటన్ మీటర్ల కోసం చేసింది, 8హెచ్‌పీ70 సుమారు 700 కోసం. డ్రైవర్ సీట్లో కూర్చుంటే రెండింటికీ తేడా తెలియదు. ఫోక్స్‌వ్యాగన్ డ్యూయల్ క్లచ్ (రెండు క్లచ్‌లతో పనిచేసే) గేర్‌బాక్స్‌లలో డీక్యూ200 పరిమితి 250 న్యూటన్ మీటర్లు, డీక్యూ500 పరిమితి 600. జనరల్ మోటార్స్ గేర్‌బాక్స్ 4ఎల్60ఇలో మూడు, నాలుగు గేర్ల క్లచ్ ప్యాక్ (గేర్‌ను పట్టి ఉంచే పలకల కట్ట) ముందుగా పోతుంది. అందుకే ఇంజన్ పవర్ బాగా పెంచేవాళ్లు అదే కంపెనీ చేసిన మరింత బలమైన 4ఎల్80ఇకి మారిపోతుంటారు. కంపెనీ పరిమితి దాటి కూడా ఏళ్ల తరబడి నడిచే గేర్‌బాక్స్‌లు ఉన్నాయి, కాదనను. వాటి యజమానులు గొప్పగా చెప్పుకుంటారు. పగిలినవాళ్లు మౌనంగా బిల్లు కడతారు.

ట్యూనర్‌ను ఒక్క మాట అడగండి: గేర్‌బాక్స్ కంప్యూటర్‌ను కూడా మారుస్తారా? క్లచ్‌లను ఎంత ఒత్తిడితో నొక్కిపట్టాలో గేర్‌బాక్స్ నిర్ణయించుకునేది ఇంజన్ కంప్యూటర్ చెప్పే టార్క్ అంకెను బట్టే. ఇంజన్‌ను మాత్రమే ట్యూన్ చేసి ఆ అంకెను పాతదే చెప్పనిస్తే ఒత్తిడి చాలదు, క్లచ్ జారుతుంది. గేర్ మారేటప్పుడు ఆర్‌పీఎం ఒక్కసారి పైకి లేచి ఆ తర్వాత గేర్ పట్టుకుంటే అర్థం అదే. జారితే వేడి, వేడికి ఆయిల్ మాడుతుంది. అరిగిన క్లచ్ పొడి ఆయిల్‌తో పాటు వాల్వ్ బాడీలోకి (ఆయిల్‌ను ఏ క్లచ్‌కు పంపాలో నియంత్రించే భాగం), కన్వర్టర్‌లోకి, కూలర్‌లోకి చేరుతుంది. అప్పుడు ఒక్క క్లచ్ మార్చి ఊరుకుంటామంటే కుదరదు, మొత్తం విప్పాలి. గేర్‌బాక్స్ బిల్లు ఎప్పుడూ చిన్నదిగా రాకపోవడానికి కారణం ఇదే.

ఇప్పుడు మీ డబ్బు. ఆ బిల్లు వచ్చిన నెల ఎలా ఉంటుందో ఊహించండి. కారు గ్యారేజీలో ఉంటుంది. దాని ఈఎంఐ ఆగదు. టర్బో కోసం తెచ్చిన లోన్ ఈఎంఐ కూడా ఆగదు. ఆఫీసుకు రోజూ ట్యాక్సీ. మీ దగ్గరున్న నెలన్నర పొదుపులో రెండు ఈఎంఐలు పోగా మిగిలేది ఎంత? గేర్‌బాక్స్‌కు క్రెడిట్ కార్డు గీకుతారు, ఇంకేం చేస్తారు! అప్పటికి ఒకే కారు మీద మూడు అప్పులు. అందులో ఒకటి మనకు దొరికే అప్పుల్లో బాగా ఖరీదైన రకం. రోజురోజుకీ విలువ పడిపోయే వస్తువును అప్పుతో బలంగా చేయడం, అదీ దాని మొదటి అప్పు తీరకుండానే! ఇదేం ప్లానింగ్ అండీ? అమ్మేటప్పుడు ఈ మార్పులకు పెట్టిన డబ్బు తిరిగి రావడం అరుదు. కొనేవాళ్లు ఇలాంటి కారును అనుమానంగానే చూస్తారు.

అందుకే ముందు ఆరు నెలల నిధి. ఇంటి ఖర్చులు, అన్ని ఈఎంఐలు, ఇన్సూరెన్స్ ప్రీమియంలు కలిపి ఆరు నెలలు. ఇది ఉద్యోగం పోతేనో, ఆస్పత్రి పాలైతేనో వాడుకోవడానికి. ఇక్కడ చాలామంది తప్పు లెక్క వేస్తారు. పవర్ పెంచిన కారులో గేర్‌బాక్స్ పోతే అది అనుకోని ఖర్చు కాదు, ముందే తెలిసిన ఖర్చు. దానికి ఈ నిధిలో చెయ్యి పెట్టకూడదు. గేర్‌బాక్స్ రీబిల్డ్‌కు (మొత్తం విప్పి అరిగిన భాగాలు మార్చి మళ్లీ బిగించడానికి) ఎంతవుతుందో రాతపూర్వకంగా కొటేషన్ తీసుకుని, అంత మొత్తం వేరే ఖాతాలో చేరాకే టర్బో మాట ఎత్తండి. లోన్‌కు కట్టబోయిన ఈఎంఐనే ప్రతి నెలా ఆ ఖాతాలో వేయండి. కట్టగలనన్న నమ్మకంతోనేగా లోన్‌కు దరఖాస్తు చేశారు!

మార్పుల సంగతి ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా దాస్తే క్లెయిమ్ తిరస్కరించే అవకాశం ఉంది. కారు తుక్కైపోయినా లోన్ మాత్రం మిగులుతుంది. వారంటీ నడుస్తుంటే గేర్‌బాక్స్ మీద ఆశ వదులుకోవాల్సి రావచ్చు. ఇన్వెస్ట్‌మెంట్లు అమ్మి చేయించాలన్న ఆలోచనా వద్దు. పవరే కావాలంటే, లోన్ తీరాక ఫ్యాక్టరీ నుంచే ఎక్కువ పవర్‌తో వచ్చిన కారుకు మారడం మెరుగు.

ఈలోపు చేయదగ్గ పని ఒకటుంది. గేర్‌బాక్స్ ఏ రకమో చెప్పే కోడ్ రాసుకుని, దాని ఆయిల్ మార్పించండి. గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే పాన్ విప్పినప్పుడు దగ్గరుండి చూడండి. ఆయిల్ నల్లబడి మాడు వాసన వస్తున్నా, అడుగున పొడి పేరుకున్నా, 250 హార్స్‌పవర్‌కే అది అలసిపోయిందన్నమాట. అలాంటప్పుడు మీరు కూడబెట్టాల్సింది టర్బోకు కాదు, రీబిల్డ్‌కు.