సిస్టమ్ కాల్స్ మీద ఇష్టం ఉంటే ఉద్యోగం దొరుకుతుందా?

ప్రశ్న: బీటెక్ సీఎస్‌ఈ మూడో ఏడాది చదువుతున్నాను. ఆపరేటింగ్ సిస్టమ్స్ అంటే చాలా ఇష్టం. ఒక సిస్టమ్ కోసం రాసిన ప్రోగ్రామ్‌ను ఇంకో సిస్టమ్‌లో నడిపించే కంపాటిబిలిటీ లేయర్లపై పనిచేయాలని ఉంది. క్లాసులో అందరూ ఏఐ, ఫుల్ స్టాక్ అంటుంటే టెన్షన్‌గా ఉంది. ఈ దారిలో ఉద్యోగాలుంటాయా?
– ఒక విద్యార్థిని, కాకినాడ

జవాబు: ఉంటాయి. కాకపోతే ఆ పేరుతో ప్రకటనలు దాదాపు కనిపించవు. కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌లోని ప్రధాన భాగం), కంటైనర్లు (ప్రోగ్రామ్‌లను విడివిడిగా ఉంచి నడిపే ఏర్పాటు), వర్చువలైజేషన్, సెక్యూరిటీ టీమ్‌లలో ఈ పని ఉంటుంది. ప్రోగ్రామ్ ఏదైనా పని కోసం కెర్నల్‌ను అడగడమే సిస్టమ్ కాల్. గూగుల్ 2018లో విడుదల చేసిన జీవైజర్, కంటైనర్‌లోని ప్రోగ్రామ్ చేసే లైనక్స్ సిస్టమ్ కాల్స్‌ను మధ్యలోనే అందుకుని తనే జవాబిస్తుంది. విండోస్ ప్రోగ్రామ్‌లను లైనక్స్‌పై నడిపే వైన్ 1993 నుంచీ ఉంది. లైనక్స్‌తో పనిచేసే గేమింగ్ పరికరం స్టీమ్ డెక్‌లో విండోస్ గేములు నడుస్తున్నాయంటే, వైన్ ఆధారంగా తయారైన ప్రోటాన్ వల్లే.

ఈ పనిలో కష్టం ఎక్కడుందో ముందు తెలుసుకోండి. ఫైల్‌ను తొలగించే అన్‌లింక్ కాల్‌ను డైరెక్టరీ (ఫోల్డర్) మీద వాడారనుకుందాం. డైరెక్టరీలను అలా తొలగించనివ్వని సిస్టమ్‌ అయితే ఈపెర్మ్ (అనుమతి లేదు) అనే ఎర్రర్ ఇవ్వాలని, యూనిక్స్ తరహా సిస్టమ్‌లకు ఉమ్మడి నియమాలైన పోసిక్స్ ప్రమాణం చెబుతుంది. లైనక్స్ మాత్రం ఎన్నో ఏళ్లుగా ఈఇజ్‌డిర్ (ఇది డైరెక్టరీ) ఇస్తోంది. మరి లైనక్స్ ప్రోగ్రామ్‌లను కూడా నడిపే మరో ఆపరేటింగ్ సిస్టమ్ ఫ్రీబీఎస్‌డీ ఏమివ్వాలి? అందులోని లైనక్స్ లేయర్, తొలగించబోయింది డైరెక్టరీయేనని చూసుకుని ఈపెర్మ్‌ను ఈఇజ్‌డిర్‌గా మార్చి పంపుతుంది. ఇది పోసిక్స్‌కు విరుద్ధమైన లైనక్స్ పద్ధతి అని కోడ్‌లోనే కామెంట్ కూడా ఉంది. ప్రమాణం ఒక మాట చెబుతూ, నడుస్తున్న ప్రోగ్రామ్‌లు ఇంకోదాన్ని నమ్ముకుని ఉంటే ఏది పాటించాలో తేల్చగలగాలి. నా దృష్టిలో ఈ వృత్తిలో అసలు నైపుణ్యం అదే.

ఇది పెద్ద కంపెనీలకూ తేలిక కాదు. విండోస్‌లో లైనక్స్ ప్రోగ్రామ్‌లను నడపడానికి మైక్రోసాఫ్ట్ 2016లో తెచ్చిన డబ్ల్యూఎస్ఎల్ మొదటి రూపం లైనక్స్ కాల్స్‌ను విండోస్ కెర్నల్‌లోనే అనువదించేది. అన్ని కాల్స్‌నూ లైనక్స్ చేసినట్టే చేయడం సాధ్యపడలేదు, ఫైళ్ల పని నెమ్మదించింది. 2019లో ప్రకటించిన రెండో రూపంలో అసలు లైనక్స్ కెర్నల్‌నే చిన్న వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటర్‌లోపల నడిచే మరో కంప్యూటర్ లాంటి దానిలో) పెట్టారు.

ఇక మీరు చేయాల్సింది. పోసిక్స్ ప్రమాణం ఆన్‌లైన్‌లో ఉచితంగా చదవొచ్చు. అన్‌లింక్, రీనేమ్ లాంటి ఒకటి రెండు కాల్స్ పేజీలు ఎర్రర్ల పట్టికతో సహా పూర్తిగా చదవండి. తర్వాత లైనక్స్ కెర్నల్‌ను పరీక్షించే లైనక్స్ టెస్ట్ ప్రాజెక్ట్‌లోని పరీక్షలను ఏదైనా ఒక లేయర్ మీద నడపండి. ఫెయిలైన ఒక్క పరీక్షకు కారణం కనిపెట్టి చిన్న ప్యాచ్ (కోడ్ సవరణ) పంపినా చాలు, ఇంటర్వ్యూలో అరగంట మాట్లాడటానికి సరిపడా సరుకు ఉంటుంది. కొత్తవాళ్లతో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులపై పని చేయించే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌లో ఫ్రీబీఎస్‌డీ పాల్గొంటూ వస్తోంది, స్టైపెండ్ ఉంటుంది కాబట్టి అదీ చూడండి.

క్యాంపస్ ప్లేస్‌మెంట్స్‌ను మాత్రం వదులుకోకండి. మొదటి ఉద్యోగం వేరే పనిలో వచ్చినా చేరండి, ప్యాచ్‌లు సాయంత్రాలు రాసుకోవచ్చు. ఎంటెక్ ఆలోచన ఉంటే గేట్ సీఎస్ సిలబస్‌లో ఆపరేటింగ్ సిస్టమ్స్ ఎలాగూ ఉంది. సీ భాషలో పాయింటర్లు ఇంకా ఇబ్బంది పెడుతుంటే ఈ సెలవుల్లో ముందు ఆ పని చూడండి. రస్ట్ భాష ఆ తర్వాత నేర్చుకోవచ్చు.