సమాధానం: చలికాలం లాంగ్ రైడ్‌లో తిరుగు ప్రయాణంలో సత్తువ పోవడం

మెహదీపట్నం నుంచి వికారాబాద్‌కు సైకిల్ మీద బాగానే వెళ్లారు, తిరిగొచ్చేటప్పుడు చేవెళ్ల దగ్గర కాళ్లు ఆడలేదన్నారు. సైకిల్లో లోపమేమీ లేదండీ. రెండో బాటిల్ మూత కూడా తీయలేదని మీరే రాశారు కదా, విషయం అక్కడే ఉంది. చలిలో దాహం సరిగా తెలియదు. దాహం వేయకపోయినా పావుగంటకోసారి రెండు గుక్కలు తాగండి.

తిండి కూడా అంతే. పొద్దున తిన్న ఇడ్లీ రానూపోనూ వంద కిలోమీటర్లు దాటే దారికి ఏం సరిపోతుంది? గంటకు 30 నుంచి 60 గ్రాముల కార్బోహైడ్రేట్లు లోపలికి వెళ్లాలి. అరటిపండులో సుమారు 25 గ్రాములు ఉంటాయి. నేనైతే పల్లీపట్టీ కూడా జేబులో వేసుకుంటాను. ఆకలేసేదాకా ఆగితే ఆలస్యమైనట్టే.

ఇంకోటి, గాలి. ఈ కాలంలో ఇక్కడ ఎక్కువగా ఈశాన్యం, తూర్పు నుంచి వీస్తుంది. వెళ్లేటప్పుడు వెనక నుంచి తోస్తుంటే మన బలమే అనుకుంటాం (నేనూ మోసపోయాను), తిరుగు దారిలో అదే ఎదురుగాలి. అందుకే పోయేటప్పుడు కాస్త తగ్గించి తొక్కండి.

డిసెంబరులో 5:45కే పొద్దుగూకుతుంది. మధ్యాహ్నం ఒంటిగంటకల్లా వెనక్కి తిరగండి. చేవెళ్ల దారిలోని ఆ మర్రిచెట్ల రోడ్డు మీద చీకట్లో లైటు లేకుండా మాత్రం వద్దు.