మంచు రోడ్డు మీద బ్రేకులు పడలేదంటే లోపం కారులోనే ఉన్నట్టా?

మీ ప్రశ్న చదవగానే కారు కొన్నాక నాకు ఎదురైన మొదటి చలికాలం గుర్తుకొచ్చింది. నెల కిందటే బ్రేకు ప్యాడ్లు (చక్రాన్ని పట్టి ఆపే పలకలు) మార్పించానని, పొడి రోడ్డు మీద బ్రేకులు చక్కగా పడుతున్నాయని రాశారు. మంచు కురిసిన ఉదయం మాత్రం కూడలి దగ్గర బ్రేకు తొక్కితే పెడల్ గడగడా వణికిందని, కారు ఆగకుండా జారుకుంటూ పోయిందని అన్నారు. మెకానిక్ ఏ లోపమూ లేదంటున్నాడు, నమ్మవచ్చా, మళ్లీ ప్యాడ్లు మార్పించాలా అని అడిగారు. ఆయన్ని నమ్మండి. మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఆ ఉదయం మీ బ్రేకులు చేయగలిగినంతా చేశాయి.

నాకు జరిగిందీ దాదాపు ఇదే. రాత్రంతా మంచు కురిసింది. దాని మీద బళ్లు తిరిగి తిరిగి రోడ్డు అద్దంలా నున్నబడింది. చిన్న వాలు దిగుతున్నాను, వేగం గంటకు 30 కిలోమీటర్లు కూడా లేదు. ముందున్న బండి ఆగడం చూసి బ్రేకు తొక్కాను. కింద నుంచి ఎవరో సుత్తితో టకటకా కొడుతున్నట్టు పెడల్ నా అరికాలిని ఎదురు తన్నింది. ఇంజన్ వైపు నుంచి గరగరమని మోత. లోపల ఏదో విరిగిపోయిందనుకుని భయంతో కాలు తీసేశాను. మళ్లీ తొక్కాను, మళ్లీ అదే మోత, మళ్లీ తీశాను. ముందు బండిని తప్పించబోయి రోడ్డు పక్కన పోగుచేసిన మంచు కుప్పలోకి దూరిపోయాను. బంపర్ పగిలింది. ఎవరికీ దెబ్బలు తగలలేదు, అది అదృష్టం.

కారు చూసిన మెకానిక్ పెద్దాయన. నాలుగు చక్రాలూ విప్పి చూపించారు. ప్యాడ్లు మందంగానే ఉన్నాయి, బ్రేకు ఆయిల్ ఎక్కడా కారడం లేదు. నా ముఖంలో నమ్మకం కనిపించలేదేమో, కారెక్కమని ఖాళీగా ఉన్న ఒక పార్కింగ్ స్థలానికి తీసుకెళ్లారు. మంచు మీద 20 కిలోమీటర్ల వేగంతో పోతూ బ్రేకు గట్టిగా తొక్కి పట్టారు. అదే మోత, అదే వణుకు. ఆయన కాలు మాత్రం పెడల్ మీద నుంచి కదలలేదు. కారు మెల్లగా ఆగింది. "మీరు విన్నది ఏబీఎస్, అంటే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు, పనిచేస్తున్న చప్పుడు. అది మొదలైనప్పుడే మీరు కాలు తీసేశారు" అన్నారు. తర్వాత నా చేత పదిసార్లు అదే చేయించారు. ఏడో ఎనిమిదో సారికి గాని నా కాలికి భయం పోలేదు.

లోపల జరిగేది ఇదీ. బ్రేకు పట్టుకునేది చక్రాన్ని. కారును ఆపాల్సింది టైరుకూ రోడ్డుకూ మధ్య ఉండే రాపిడి. మంచు మీద ఆ రాపిడి అతి తక్కువ కాబట్టి కొద్దిగా తొక్కినా చక్రం తిరగడం మానేసి బిగుసుకుపోతుంది. బిగుసుకున్న చక్రం జారుతుంది, స్టీరింగ్ ఎటు తిప్పినా కారు మాట వినదు. అందుకే ప్రతి చక్రం దగ్గరా ఉండే సెన్సర్ ఈ సంగతి పసిగట్టగానే ఏబీఎస్ ఆ చక్రానికి బ్రేకు ఒత్తిడి వదులుతుంది, మళ్లీ ఇస్తుంది, మళ్లీ వదులుతుంది. సెకనుకు ఎన్నోసార్లు. ఆ ఒత్తిడి హెచ్చుతగ్గులే పెడల్ ద్వారా మీ కాలికి తగులుతాయి. చక్రాలు కాస్త తిరుగుతూనే ఉంటాయి కాబట్టి ఆగేలోపు పక్కకు తప్పించుకునే వీలుంటుంది.

"మంచులో బ్రేకు తొక్కుతూ వదులుతూ ఉండాలి" అని పెద్దవాళ్లు చెప్పడం మీరూ వినే ఉంటారు. ఏబీఎస్ లేని కార్లకు అది సరైన సలహా. బాష్ తయారుచేసిన ఏబీఎస్ మెర్సిడెస్ ఎస్ క్లాస్‌లో వచ్చింది 1978లో. మామూలు కార్లలోకి రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. ఏబీఎస్ ఉన్న కారులో అలా వదిలి తొక్కితే దాని పనికి మీరే అడ్డుపడినట్టు.

ఇక మిమ్మల్ని అసలు కంగారుపెట్టిన ప్రశ్న: బ్రేకులు పనిచేస్తే కారు ఎందుకు ఆగలేదు? లెక్క చూడండి. పొడి తారు రోడ్డు మీద గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు బ్రేకు పడ్డాక సుమారు 12 మీటర్లలో ఆగుతుంది. అణిగిన మంచు మీద 50 మీటర్ల దాకా పడుతుంది. నున్నటి మంచుగడ్డ మీద 100 మీటర్లకు దగ్గరగా వెళ్తుంది. మీరు ప్రమాదాన్ని గమనించి కాలు కదిపేలోపు పోయే దూరం ఇందులో లేదు. ఆ వేగంలో సెకనుకు 14 మీటర్లు దాటిపోతాం. ఎంత ఖరీదైన ప్యాడ్లు వేయించినా ఈ అంకెలు మారవు. వేగం సగానికి తగ్గిస్తే మాత్రం ఆగే దూరం నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే ఇప్పుడు నేను కూడలి ఇంకా దూరంగా ఉండగానే గేరు తగ్గించి, ఇంజన్ చేతనే వేగం తగ్గేలా చూసుకుంటాను. బ్రేకు చివర్లో, మెత్తగా.

ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల దగ్గర ఉన్న రోజులంటే నాకు ఎక్కువ భయం. గడ్డ మీద పల్చని నీటి పొర ఉంటుంది, టైరుకు ఏ పట్టూ దొరకదు. గట్టి చలిలో గడ్డకట్టిన మంచు దానికంటే నయం. వంతెనల మీద ఇంకా జాగ్రత్త. చల్లగాలి పైనా కిందా తగలడంతో మిగతా రోడ్డు తడిగా మాత్రమే ఉన్నప్పుడు కూడా వంతెన గడ్డకట్టి ఉండవచ్చు. నాలుగు చక్రాలూ లాగే కారు ఉంది కదా అని ధైర్యపడేవాళ్లను చూస్తే దిగులేస్తుంది. అది బయలుదేరడానికి సాయపడుతుంది, ఆగడానికి కాదు.

అయితే నిజంగానే బ్రేకులు చెడిపోయే సందర్భాలూ ఉన్నాయి, వాటి గుర్తులు వేరు. పెడల్ మెత్తగా నేల దాకా దిగిపోతే ఆయిల్ కారుతోందనో, గొట్టాల్లో గాలి చేరిందనో అర్థం. ఇంజన్ నడుస్తుండగానే పెడల్ రాయిలా బిగుసుకుని కిందికి దిగకపోతే బూస్టర్ (మీ కాలి బలాన్ని పెంచి బ్రేకుకు అందించే భాగం) చూపించాలి. హ్యాండ్‌బ్రేకు దించాక కూడా డాష్‌బోర్డు మీద బ్రేకు ఎర్రదీపం వెలుగుతూనే ఉంటే అదీ లోపానికి గుర్తే. ఈ మూడింటిలో ఏది కనిపించినా కారు తీయకండి. పసుపు రంగు ఏబీఎస్ దీపం ఒక్కటే వెలిగితే మామూలు బ్రేకు ఉంటుంది, కానీ చక్రాలు బిగుసుకుంటాయి. మంచు కాలంలో దాన్ని వాయిదా వేయకూడదు. మీరు చెప్పినదాంట్లో ఇవేవీ లేవు.

కాబట్టి ప్యాడ్లకు పెట్టాలనుకున్న డబ్బు టైర్లకు పెట్టండి. మామూలు టైర్ల రబ్బరు ఉష్ణోగ్రత సుమారు 7 డిగ్రీల కంటే తగ్గితే గట్టిపడుతుంది. చలికాలపు టైర్ల రబ్బరు మెత్తగానే ఉంటుంది. కొనేటప్పుడు టైరు పక్కన మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచు రేకు బొమ్మ ఉందేమో చూడండి. రెండు కాదు, నాలుగూ మార్చాలి. ఇప్పటికే అలాంటి టైర్లు ఉంటే గాడి లోతు కొలవండి. 4 మిల్లీమీటర్లకు తగ్గితే ఇంకో మంచు కురిసే లోపే మార్పించండి.