స్లో కుక్కర్‌లో మామిడి జామ్ ఎంతసేపు పెట్టినా నీళ్లగానే ఉంటోంది, ఎందుకు?
మూత వల్ల. అది ఆవిరిని పట్టి మళ్లీ గిన్నెలోకే దింపుతుంది. పప్పుకి మంచిదే, జామ్‌కి కాదు. ఆత్రేయపురంలో తాండ్రకి రసాన్ని పొరలుగా ఎండబెట్టేదీ తడి పోవడానికేగా.

1 కిలో రసాల గుజ్జుని జల్లెడలో వడకట్టి పీచు తీసేయండి. 500 గ్రాముల పంచదార, 2 పెద్ద చెంచాల నిమ్మరసం కలిపి ‘హై’లో పెట్టండి. గంటయ్యాక గిన్నె మీద చెక్క గరిటె అడ్డంగా ఉంచి మూత ఓరగా వేయండి. అరగంటకోసారి అంచులు గీకుతూ కలపాలి, ముందు మాడేది అక్కడే. మొత్తం నాలుగైదు గంటలు. చల్లటి పళ్లెంలో చుక్క వేసి వేలితో గీస్తే గీత పూడకూడదు.

పంచదార బదులు బెల్లమైతే రంగు నల్లబడుతుంది, రుచి మాత్రం తాండ్రదే. తీపి తక్కువే కాబట్టి ఫ్రిజ్‌లో పెట్టి మూడు వారాల్లో తినేయండి.