మచ్చల ఆకుల సక్యులెంట్: రాలిన ఆకుతో కొత్త మొక్క వస్తుందా?

వస్తుంది. ముట్టుకుంటే చాలు ఆకులు ఊడిపోతున్నాయని కూడా అడిగారు కదా, దానికి టెన్షన్ పడకండి. బూడిద కలిసిన ఆకుపచ్చ, ముదురు ఊదా మచ్చలు, కొసన అలల్లా వంకర తిరిగిన అంచు అన్నారు కాబట్టి మీది అడ్రోమిస్కస్ కూపరి అయి ఉంటుంది. దక్షిణాఫ్రికాలోని ఈస్టర్న్ కేప్ ప్రాంతపు సక్యులెంట్, అంటే దళసరి ఆకుల్లో నీళ్లు దాచుకునే మొక్క. ఆకు ఇట్టే ఊడటం దాని స్వభావమే. ఊడిన ఆకు గట్టిగా ఉంటే మంచిదే; పసుపెక్కి, నొక్కితే మెత్తగా నీరు కారుతుంటే మాత్రం నీళ్లు ఎక్కువైనట్టు.

ఆకును వెంటనే మట్టిలో గుచ్చకండి, కుళ్లిపోతుంది. మొదలు (కాండానికి అతుక్కునే కొస) చితకని ఆకును నీడలో నాలుగైదు రోజులు ఆరబెడితే ఊడిన చోట పక్కు కడుతుంది. అప్పుడు పొడిమట్టి మీద, మొదలు మట్టికి తగిలేలా పడుకోబెట్టండి. సన్నటి వేళ్లు కనిపించాకే నీళ్లు చిలకరించాలి. వేళ్లకు కొన్ని వారాలు, పిల్ల మొక్కకు అంతకంటే ఎక్కువే పడుతుంది. ఇది నిదానపు మొక్క. తల్లి ఆకు తనంతట తాను ఎండేదాకా పీకొద్దు.

మట్టిలో సగానికి పైగా ముతక ఇసుక, పెర్లైట్ (నీరు నిలవకుండా చేసే తేలికైన తెల్ల గుళికలు) లాంటివి ఉండాలి. కుండీ చిన్నది చాలు, అడుగున రంధ్రం తప్పనిసరి. ఉదయపు ఎండ ఇష్టం. మన మే నెల మధ్యాహ్నపు ఎండకు ఆకులు మాడతాయి. వానాకాలంలో చూరు కిందికి మార్చేయండి, మట్టి పూర్తిగా ఆరాకే నీళ్లు. ఆకుల సందుల్లో దూదిలా తెల్లగా కనిపిస్తే పిండినల్లి. మందుల షాపులో దొరికే స్పిరిట్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో తుడిచేయండి.