అడవి బ్లూబెల్‌నీ, స్పానిష్ బ్లూబెల్‌నీ ఎలా గుర్తుపట్టాలి?

బ్రిటన్ అడవుల్లో ఏప్రిల్, మే నెలల్లో పూసే బ్లూబెల్స్‌లో ఏది స్థానికమో, ఏది తోటల నుంచి వచ్చిన స్పానిష్ రకమో తెలియట్లేదని అడిగారు. రంగు చూసి మాత్రం తేల్చకండి. నీలం, తెలుపు, గులాబీ రెండింటిలోనూ కనిపిస్తాయి.

నేను ముందు చూసేది పుప్పొడి. మొక్క పక్కన కూర్చుని, అప్పుడే విచ్చిన పువ్వును వేలితో కాస్త పైకెత్తి లోపలికి చూడండి. పుప్పొడి మీగడ తెలుపులో ఉంటే దాదాపు స్థానికమే. లేత నీలం, ఆకుపచ్చ ఛాయలుంటే స్పానిష్‌దో, రెండూ కలిసి పుట్టిన సంకరమో. పాత పూలలో పుప్పొడి రాలిపోయి ఉంటుంది, వాటిని నమ్మొద్దు.

తర్వాత కాడ. స్థానిక రకంలో కాడ కొస ఒక పక్కకి వాలి, సన్నని గొట్టాల్లాంటి పూలన్నీ అటే వేలాడతాయి. రేకుల అంచులు బాగా వెనక్కి చుట్టుకుంటాయి, తియ్యటి వాసన వస్తుంది. స్పానిష్‌ది నిటారుగా నిలబడి చుట్టూ పూస్తుంది. పూలు విప్పారిన గంటల్లా ఉంటాయి, ఆకులు వెడల్పు, వాసన అంతంతమాత్రమే.

అసలు చిక్కు సంకర మొక్కలతోనే. రెండు రకాల లక్షణాలూ కలగలిసి ఉంటాయి కాబట్టి ఒక్క గుర్తుతో సరిపెట్టుకోకుండా అన్నీ కలిపి చూడండి. చూడ్డానికి పువ్వు కోయక్కర్లేదు, దయచేసి కోయకండి.