పాత తారల మీద రాయాలనుకునే తమ్ముడికి

తమ్ముడికి, ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం చదివాను. పాత సినిమా తారలంటే నీకున్న ఇష్టం ప్రతి వాక్యంలోనూ తెలుస్తోంది. ఆ ఇష్టం ఎందుకు పుట్టిందో మాత్రం ఎక్కడా తెలియడం లేదు. హాలీవుడ్ నటి ఆడ్రీ హెప్‌బర్న్ గురించి "వెండితెర వేలుపు" అన్నావు, "కాలానికి లొంగని సౌందర్యం" అన్నావు, "మాటలకందని ఆకర్షణ" అన్నావు. ఆ పేరు కొట్టేసి గ్రేటా గార్బో అని పెట్టి చూడు. వాక్యాలు చెక్కుచెదరవు. గ్రేస్ కెల్లీ అని పెట్టినా అంతే. పేరు మార్చినా నిలబడుతున్నాయంటే అవి ఎవరి గురించీ ఏమీ చెప్పడం లేదన్నమాట. ముందు వాటన్నిటినీ కొట్టెయ్. వ్యాసం ఎంత మిగిలిందో అప్పుడు చూద్దాం.

ఆకర్షణ ఎక్కడి నుంచో ఊడిపడదు. దీపం ఎక్కడ పెట్టారు, గుడ్డ ఎలా కత్తిరించారు, ఆ మనిషి మెడ ఏ మాట దగ్గర తిప్పింది, ఇలా అంతా తెర మీదే ఉంటుంది. చూడటం అలవాటు చేసుకోవాలి. మొత్తం సినిమా వద్దు, రెండు మూడు నిమిషాల సీన్ ఒక్కటి తీసుకో. మొదట మామూలుగా చూడు. తర్వాత సౌండ్ తీసేసి చూడు. మాటలు లేకపోతే చేతులూ భుజాలూ నడకా బయటపడతాయి. ఆ తర్వాత బొమ్మ చూడకుండా విను. ఊపిరి ఎక్కడ తీసుకుందో, ఏ మాటని సాగదీసిందో అప్పుడు వినబడుతుంది. చివరికి ఆపుతూ ఆపుతూ చూసి రాసుకో. ముక్కు నీడ ఎటు పడుతోంది? కంటిలో వెలుగు చుక్క ఎక్కడుంది? ఈ రెండూ గమనిస్తే దీపం ఎటువైపు ఉందో చాలావరకు తెలిసిపోతుంది.

మార్లీన్ డీట్రిచ్‌నే చూడు. 1932లో వచ్చిన షాంఘై ఎక్స్‌ప్రెస్‌కి జోసెఫ్ వాన్ స్టెర్న్‌బర్గ్ దర్శకుడు. ఛాయాగ్రహణానికి లీ గార్మ్స్‌కి ఆస్కార్ వచ్చింది. ఆమె పేరు చెప్పగానే గుర్తొచ్చే ఆ క్లోజప్పుల్లో కీ లైట్, అంటే ప్రధాన దీపం, ముఖానికి ఎదురుగా, బాగా ఎత్తున ఉంటుంది. ముక్కు కింద సీతాకోకచిలుక ఆకారంలో చిన్న నీడ పడుతుంది. చెంప ఎముకలు పైకి తేలతాయి, వాటి కింద గుంట పడినట్టు కనిపిస్తుంది. ఈ లైటింగుతో ఒక చిక్కుంది. తల కాస్త వంచితే కళ్ళు చీకట్లోకి పోతాయి. పక్కకి తిరిగితే నీడ చెంప మీదికి పాకుతుంది. అందుకని గడ్డం ఎత్తి ఉంచాలి, కదిలినా నెమ్మదిగా కదలాలి. ఆమెలో అంతుచిక్కనితనం ఉందని అందరూ మెచ్చుకుంటారు కదా, అందులో కొంత ఈ కదలని తల వల్ల వచ్చిందే. ఇలా రాస్తే ఆమె గొప్ప తగ్గిపోతుందేమోనని సందేహించకు. అంత కట్టడిలో ఉండి కనురెప్పలతో సీన్ నడిపించడం ఎంత కష్టమో నీ పాఠకుడికి తెలిసేది ఇలాగే.

ఫిల్ము సంగతి కూడా కొంచెం తెలుసుకుని ఉండాలి. 1920ల నడిమి దాకా ఎక్కువగా వాడిన ఆర్థోక్రొమాటిక్ ఫిల్ముకి ఎరుపు పట్టదు. ఎర్రటి పెదవులు దాంట్లో నల్లగా పడతాయి, నీలి కళ్ళు వెలిసిపోయినట్టు వస్తాయి. అన్ని రంగులూ పట్టే పాన్‌క్రొమాటిక్ ఫిల్ము వచ్చాక మేకప్పే మారిపోయింది, మేకప్ తయారీదారు మాక్స్ ఫ్యాక్టర్ దానికి తగ్గ రంగులు కొత్తగా తయారుచేయాల్సి వచ్చింది. కాబట్టి మూకీల తార పెదవులు నల్లగా ఉన్నాయని అదే అప్పటి ఫ్యాషన్ అని రాసెయ్యకు. నలుపు తెలుపు స్టిల్ చూసి గౌను రంగు చెప్పకు. ఇప్పుడు తిరుగుతున్న రంగులద్దిన ఫొటోలను అసలు నమ్మకు.

చర్మం విషయంలోనూ అంతే. జార్జ్ హరెల్ లాంటి స్టూడియో ఫొటోగ్రాఫర్లు 8×10 అంగుళాల పెద్ద నెగెటివ్‌ల మీద పోర్ట్రెయిట్లు తీసేవారు. తర్వాత నెగెటివ్ మీదే పెన్సిల్‌తో దిద్దేవారు. జోన్ క్రాఫర్డ్ ముఖం నిండా మచ్చలుండేవి. ఆమె పోర్ట్రెయిట్ దిద్దకముందుదీ దిద్దినదీ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ మచ్చలు రెండోదాంట్లో ఉండవు. "పాలరాతి చర్మం" అని రాసేటప్పుడు నువ్వు చూస్తున్నది మనిషినా, పెన్సిల్ పనినా అని ఒకసారి అడుగు. ఆ పెన్సిల్ పని గురించే రాస్తే ఇంకా మంచి వ్యాసం అవుతుంది.

బట్టల దగ్గర కొత్తవాళ్ళు తొందరపడతారు, నువ్వూ పడ్డావు. "నల్ల గౌను" అని రాసి ముందుకెళ్ళిపోయావు. 1961 నాటి బ్రేక్‌ఫాస్ట్ ఎట్ టిఫనీస్ మొదటి సీన్ మళ్ళీ చూడు. తెల్లవారుతోంది, వీధి ఖాళీగా ఉంది. టాక్సీ దిగి హెప్‌బర్న్ నగల దుకాణం అద్దం ముందుకి వస్తుంది. కెమెరా వీపు వైపు నుంచి చూపిస్తుంది. ఫ్యాషన్ డిజైనర్ జివాన్షీ ఆ గౌనుకి వెనక మెడ దగ్గర ఎలాంటి కోత పెట్టాడో, ముత్యాల పేటలు దాని మీద ఎలా కూర్చున్నాయో అప్పుడు తెలుస్తుంది. చేతులకి పొడుగాటి నల్ల గ్లోవ్స్, కళ్ళకి చలవద్దాలు. ఆ గ్లోవ్స్‌తోనే కాగితం సంచీలోంచి పేస్ట్రీ తీసి కొరుకుతుంది, కాఫీ తాగుతుంది. రాత్రి విందుకి వేసుకున్న బట్టలు పొద్దున్నే వీధిలో కనబడుతున్నాయి. ఇంటికి వెళ్ళాలని లేని ఒక అమ్మాయి ఒక్క మాటా లేకుండా అర్థమవుతుంది. గౌను అందమైనదే, కానీ అరవై ఏళ్ళుగా అది గుర్తుండిపోవడానికి ఆ వేళా ఆ పేస్ట్రీ కూడా కారణం.

బట్ట ఎలా కుట్టారో కూడా అడిగి తెలుసుకో. 1933లో వచ్చిన డిన్నర్ ఎట్ ఎయిట్‌లో జీన్ హార్లో తెల్ల శాటిన్ గౌను ఏడ్రియన్ రూపొందించాడు. అలాంటి గౌన్లకి గుడ్డని పడుగు వెంటా కాకుండా పేక వెంటా కాకుండా 45 డిగ్రీల ఏటవాలుగా కోస్తారు. అలా కోసిన గుడ్డ సాగుతుంది, ఒంటిని అంటిపెట్టుకుని జారుతుంది. శాటిన్ మీద పడిన వెలుగు ఆమె కదిలినప్పుడల్లా కదులుతుంది. రంగు లేని తెరకి ఆ మెరుపే రంగు.

బట్టలు ఎవరు తయారుచేశారో రాసేటప్పుడు టైటిల్స్‌లో చూసిన పేరుతో ఆగిపోకు. 1954 నాటి సబ్రీనాకి కాస్ట్యూమ్స్ ఆస్కార్ ఈడిత్ హెడ్‌కి వచ్చింది. పారిస్ నుంచి తిరిగొచ్చాక హెప్‌బర్న్ వేసుకునే బట్టల్లో జివాన్షీ పని ఉంది, టైటిల్స్‌లో అతని పేరు లేదు.

ఇక కథల సంగతి. మార్లిన్ మన్రో తెల్ల గౌను గాలికి లేచే ఫొటో అందరికీ తెలుసు. గౌను రూపొందించింది విలియం ట్రవిలా. ది సెవెన్ ఇయర్ ఇచ్ సినిమా కోసం 1954 సెప్టెంబరులో న్యూయార్క్ వీధిలో రాత్రిపూట, జనం గుమిగూడి చూస్తుండగా తీశారు, తర్వాత స్టూడియోలో మళ్ళీ తీశారు. మనకి గుర్తున్నట్టు తల నుంచి కాళ్ళ దాకా ఒకే షాట్‌లో ఆ దృశ్యం సినిమాలో కనబడదు. అది ప్రచారానికి తీసిన స్టిల్. సినిమా చూడకుండా ఫొటో చూసి రాసేవాళ్ళు ఇక్కడే దొరికిపోతారు. 1934 నాటి ఇట్ హ్యాపెన్డ్ వన్ నైట్ సినిమాలో క్లార్క్ గేబుల్ చొక్కా విప్పితే లోపల బనియన్ లేదని, దాంతో అమెరికా అంతా బనియన్ల అమ్మకాలు పడిపోయాయని ఒక కథ ఉంది. నమ్మదగిన లెక్క ఏదీ దాని వెనక లేదు. వదిలెయ్, లేదా కథ అని చెప్పి రాయి. అందమైన పెదవులు కావాలంటే మంచి మాటలే మాట్లాడమనే సూక్తిని నీ వ్యాసంలో హెప్‌బర్న్ పేరుతో ఇచ్చావు. ఆమెకి ఇష్టమైన మాటలే, కానీ రాసింది అమెరికన్ హాస్య రచయిత శామ్ లెవెన్సన్.

"చిన్న వయసులో పోయారు కాబట్టి నిలిచిపోయారు" అన్న వాక్యం కూడా తీసెయ్. జేమ్స్ డీన్ విషయంలో అది కొంత నిజం. 1955 సెప్టెంబరు 30న చనిపోయేనాటికి అతనికి 24 ఏళ్ళు, ప్రధాన పాత్రలు చేసిన మూడు సినిమాల్లో రెండు ఆ తర్వాతే విడుదలయ్యాయి. గార్బో సంగతి వేరు. 1941 తర్వాత ఆమె నటించలేదు, 1990 దాకా బతికింది. కెరీ గ్రాంట్ అరవై దాటాక 1966లో మానేశాడు, ఆ తర్వాత ఇరవై ఏళ్ళు ఉన్నాడు. ముగ్గురికీ ఒకే కారణం అతికించలేవు. విడివిడిగా వెతుక్కోవాల్సిందే.

మనవాళ్ళ గురించి రాసేటప్పుడూ ఇదే పద్ధతి. 1957 నాటి మాయాబజార్‌లో "అహ నా పెళ్ళంట" పాట సౌండ్ తీసేసి చూడు. అక్కడ సావిత్రి శశిరేఖ కాదు, శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు. సిగ్గుపడుతున్న పెళ్ళికూతురు కాస్తా క్షణంలో రాక్షసుడైపోతుంది, మళ్ళీ సర్దుకుంటుంది. ఆ మార్పు మొదట భుజాల్లో వచ్చిందా, కళ్ళలో వచ్చిందా, అడుగులో వచ్చిందా రాసుకో. తర్వాత సౌండ్ పెట్టు. సుశీల గొంతు మధ్యలో ఘంటసాల గొంతు ఎక్కడ దూరుతుందో, దానికి సావిత్రి ఒళ్ళు ఎలా బదులిస్తుందో చూడు. ఎస్.వి. రంగారావు ఘటోత్కచుడి నడకతో పోల్చి చూస్తే ఇంకో పేరా దొరుకుతుంది. "మహానటి" అన్న మాట అవసరం లేకుండానే ఆ పేరా నడుస్తుంది.

వ్యాసం తిరిగి రాసేటప్పుడు ఒక తార, ఒక సీన్, ఒక బట్ట చాలు. పుట్టిన తేదీ, అవార్డుల పట్టిక పెట్టకు, అవి అందరికీ దొరికేవే. సంవత్సరాలు రాసేటప్పుడు షూటింగ్ ఏడాదీ విడుదలైన ఏడాదీ కలిపెయ్యకు. ప్రతి తేదీనీ రెండు చోట్ల సరిచూసుకో, ఆ రెండోది మొదటిదాన్ని చూసి రాసింది కాకూడదు. ఎనిమిది వందల మాటలు దాటనివ్వకు. నోట్సు కూడా వ్యాసంతో కలిపి పంపు. నువ్వేం చూశావో, అందులో ఏది వదిలేశావో రెండూ చూస్తాను.

నీ
అన్నయ్య